వేశానో లేదో: ఓసీడీతో, బిళ్ల వేసుకోవాలా వద్దా అన్న గుంజాటనతో వేగడం ఎలా

2022 మార్చిలో, మిర్చి యార్డు సీజను జోరు మీదున్నప్పుడు, డాక్టరుగారు రాసిచ్చిన చీటీ తీసుకుని గుంటూరు కొత్తపేటలో మందుల షాపుకెళ్లి ఓసీడీకి, అంటే ఒకే అనుమానం, ఒకే పని వదలకుండా పట్టి పీడించే జబ్బుకు వాడే సెర్ట్రాలిన్ బిళ్లలు ఒక షీటు కొన్నాను. మొదటి బిళ్ల మింగింది 2023 ఫిబ్రవరిలో. మధ్యలో పదకొండు నెలలు ఆ షీటు మా బీరువా పైఅరలో, ఇంటిపన్ను రసీదుల కింద పడి ఉంది. ఆ పదకొండు నెలల్లో నాకు పోయిన నిద్ర, మా ఆవిడకు పోయిన ఓపిక తిరిగి రావు. మీకు అట్టా పోకూడదని ఇది రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. యార్డులో ఒక కమీషన్ షాపులో గుమస్తాని. ఇందులో చెప్పేది నాకు వైద్యం చేసిన డాక్టరుగారి దగ్గర, థెరపీ చేసిన మేడమ్ దగ్గర నేర్చుకున్నది, ఆపైన నా ఒంటి మీద చూసుకున్నది. ఎక్కడైనా మోతాదు చెబితే అది నా మోతాదు, మీది కాదు.

ముందు ఇది జబ్బని గుర్తుపట్టాలి

ఓసీడీ అంటే చేతులు పదేపదే కడుక్కోవడం అని మనవాళ్లకు ఒక లెక్క. నేనూ అంతే అనుకునేవాణ్ని. నేను చేతులు అందరిలాగే కడుక్కుంటాను, అందుకే నాకు ఓసీడీ ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు.

నాది ఇట్టా ఉండేది. రాత్రి తొమ్మిదింటికి షాపు కట్టేసి, స్కూటరు మీద చుట్టుగుంట మీదుగా వచ్చి, శంకర్ విలాస్ ఓవర్ బ్రిడ్జి ఎక్కి పాత గుంటూరులో ఇంటికి చేరాలి. బ్రిడ్జి మీద ఒక అతుకు దగ్గర బండి దడ్‌మని ఎగిరేది. ఆ చప్పుడు వినగానే ఒక మాట లోపల పడేది: ఎవరికన్నా తగిలిందేమో. తగల్లేదని నాకు తెలుసు. అద్దంలో చూస్తే వెనక బళ్లు మామూలుగా వస్తున్నాయి. అయినా బ్రిడ్జి దిగాక బండి తిప్పి మళ్లీ అదే చోటికి వెళ్లి చూసేవాణ్ని. ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుని ఇంటిదారి పడితే, ఈ తిరిగి రావడంలో ఎవరికన్నా తగిలిందేమో. మళ్లీ బండి తిప్పడం. పావుగంట దారికి ఒక్కోసారి గంటన్నర పట్టేది. పొద్దున్నే పేపర్లో గుంటూరు పేజీ తీసి రోడ్డు ప్రమాదాల వార్తలన్నీ చదివేవాణ్ని. ఒక రాత్రి ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్ క్యాజువాల్టీ గుమ్మం దాకా వెళ్లి, బ్రిడ్జి మీద యాక్సిడెంటయిన వాళ్లెవరైనా వచ్చారా అని వాచ్‌మన్‌ని అడిగాను. "లేదు బాబూ, ఎవరు, మీవాళ్లా?" అన్నాడాయన. ఏం చెప్పాలో తెలియక గోడ పక్కన నిలబడి చాలాసేపు ఏడ్చాను.

షాపులో ఇదే జబ్బు ఇంకో వేషంలో ఉండేది. కాటా చీటీలో టిక్కీల, అంటే మిర్చి బస్తాల లెక్క ఏడెనిమిది సార్లు కూడి చూసేవాణ్ని. మా షావుకారుకు అది గొప్పగా కనిపించేది. "మనవాడు చూసిన చీటీ ఇక ఎవరూ చూడక్కర్లేదు" అని నలుగురిలో చెప్పేవాడు. ఇంట్లో గ్యాస్ నాబ్ పది సార్లు తడిమితే మా అమ్మ "చిన్నప్పట్నుంచీ వాడికి జాగ్రత్తెక్కువ" అనేది. ఎవరినీ తప్పు పట్టడం లేదు. మన ఇళ్లల్లో ఈ జబ్బుకు చాదస్తమని, అతిశుభ్రమని, మడి అని, జాగ్రత్త అని మంచి మంచి పేర్లున్నాయి. అందుకే జబ్బు ఎన్నేళ్లు ముదిరినా ఎవరి కంటా పడదు.

గుర్తు పట్టడానికి నేను చెప్పే ఆనవాలు ఒక్కటే. జాగ్రత్తగల మనిషి ఒకసారి చూస్తాడు, చూశాక మనసు తేలికపడుతుంది. ఓసీడీ ఉన్న మనిషి చూశాక ఒక్క నిమిషం తేలికపడతాడు, ఆపైన అనుమానం ఇంకాస్త బలంగా తిరిగొస్తుంది. తెలుగులో ఈ జబ్బంతా రెండు ముక్కల్లో ఉంది: "ఏమో", "లేదో". వేశానో లేదో. తగిలిందేమో. అంటుకుందేమో. పాపం చేశానేమో. ఆ "ఏమో" చెవిన పడితే మీరు ఏం చేస్తున్నారు? ఆ పనితో రోజుకు గంటకు పైన పోతోందా? పనీ సంసారమూ దెబ్బతింటున్నాయా? అయితే డాక్టరుకు చూపించుకోవలసిందే.

ఇంకో రకం ఉంది. దాని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే వాళ్లు ఎవరికీ చెప్పుకోలేరు. చంటిబిడ్డ పక్కన కూర్చున్నప్పుడు బిడ్డను ఏదో చేసేస్తానేమో అన్న ఊహ. గుళ్లో దణ్ణం పెట్టుకుంటుంటే దేవుడి మీద బూతుమాట. సొంతవాళ్ల గురించి పైకి అనలేని తలపులు. విజయవాడ వన్‌టౌన్‌లో ఉండే మా దగ్గరి బంధువు ఒకామె దుర్గమ్మ కొండ మెట్లెక్కుతూ మెట్టుకొకసారి లెంపలేసుకునేది. భక్తి అనుకున్నాం. లోపల వచ్చే మాటలకు క్షమాపణ చెప్పుకుంటోందని ఆరేళ్ల తర్వాత తెలిసింది. ఇట్టాంటి తలపు రావడం కోరిక కాదు. తనకు ఏది ప్రాణమో దాని మీదే జబ్బు దెబ్బ కొడుతుంది, అందుకే అంత భయం. సైకియాట్రిస్టులకు ఇది కొత్త కాదు. చెప్పండి. మీరు చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టంలోనే ఉంది.

ఎక్కడికి వెళ్లాలి

నేను ముందు నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. మన ఊళ్లల్లో మనసుకు సుస్తీ చేస్తే నరాల బలహీనత అనడం అలవాటు. అంతకుముందు అమ్మ తాయెత్తు కట్టించింది. అది ఆమె ప్రేమ, ఇప్పటికీ నా దండకే ఉంది. వైద్యానికి మాత్రం సైకియాట్రిస్టే కావాలి. గుంటూరు జీజీహెచ్‌లోనూ, విజయవాడ ప్రభుత్వాసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ ఓపీ ఉంది. ఆసుపత్రి మెట్లెక్కడానికి మనసొప్పకపోతే ముందు ఫోన్ చేయండి: టెలి మానస్, 14416. అది 2022 అక్టోబరు నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న సర్వీసు. డబ్బు తీసుకోరు, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరుగారు నన్ను యేల్ బ్రౌన్ స్కేలు అనే పది ప్రశ్నలు అడిగారు. మొత్తం 40 మార్కులు. నాకు 27 వచ్చాయి. 24 నుంచి తీవ్రం కింద లెక్క. ఆ అంకె చూశాక నాకు భయం వేయలేదు, ఊపిరి తిరిగింది. నా బాధకు ఒక కొలత ఉందన్నమాట. మీరు కూడా మొదటి రోజు మీ అంకె రాయించుకోండి. తగ్గిందా లేదా అని తర్వాత మీ మనసును అడిగితే అది సరిగ్గా చెప్పదు, అంకె చెబుతుంది.

బిళ్ల చుట్టూ తిరగడం

డాక్టరుగారు రెండు దారులున్నాయన్నారు. ఒకటి మందు. రెండోది ఈఆర్‌పీ అనే థెరపీ, అంటే భయపెట్టే చోటికి కావాలని వెళ్లి, వెళ్లాక మామూలుగా చేసే తంతు, అంటే అనుమానం తీర్చుకోవడానికి పదేపదే చేసే పని, చేయకుండా ఉండడం. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు లండన్‌లో ఇద్దరు రోగుల మీద ఈ పద్ధతి ఫలించినట్టు రాశాడు, అక్కణ్నుంచి పెరిగింది. జబ్బు తేలిగ్గా ఉంటే ఒట్టి థెరపీతోనే మొదలుపెట్టొచ్చు. బిళ్ల వద్దనుకునేవాళ్లు ఆ మాట డాక్టరుతో సూటిగా అనండి, అది న్యాయమైన దారే. నాకు మాత్రం జబ్బు తీవ్రంగా ఉంది, థెరపీ చేసేవాళ్లు వెంటనే దొరకలేదు, కాబట్టి మందు మొదలుపెట్టమన్నారు.

మొదలుపెట్టలేదు. నా భయాలు మీకూ ఉండి ఉంటాయి. జీవితాంతం వాడాలేమో. మత్తులో ఉంటానేమో. మగతనం దెబ్బతింటుందేమో. చెల్లెలి పెళ్లి సంబంధాలకు అడ్డమేమో. వీటన్నిటికన్నా లోతైనది ఒకటుంది, దాన్ని నేను ఎవరికీ చెప్పలేదు: ఈ జాగ్రత్తే నన్ను మంచి గుమస్తాని చేసింది కదా, బిళ్లతో అదీ పోతే నాకు మిగిలేదేంటి?

ఈ భయాలతో ఏం చేశాను? మందుతో వచ్చే కాగితం భూతద్దం పెట్టి చదివాను. నలుగురు డాక్టర్లను అడిగాను. విజయవాడలో మెడికల్ రెప్‌గా చేసే మా బావకు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసేవాణ్ని. "ఏం కాదు రా, వేసుకో" అనేవాడు. ఆ మాటతో పొద్దున్న దాకా నిబ్బరంగా ఉండేది. మధ్యాహ్నానికి, "బావ నన్ను ఊరడించడానికి అన్నాడేమో" అనిపించేది. మళ్లీ ఫోన్.

ఒక రాత్రి నేను ఆ షీటు చేతిలో పెట్టుకుని ఫోన్‌లో వెతుకుతుంటే మా ఆవిడ పక్కన కూర్చుని మెల్లగా అంది: "ఏవండీ, బ్రిడ్జి చుట్టూ తిరిగినట్టే బిళ్ల చుట్టూ తిరుగుతున్నారు. బ్రిడ్జి మీద ఎవరూ లేరని ఎన్నిసార్లు చూశారు? ఒక్కసారన్నా నమ్మకం కుదిరిందా?"

నేను పదకొండు నెలలు ఆలోచిస్తున్నాననుకున్నాను. ఆలోచించడం లేదు, తంతు చేస్తున్నాను. బిళ్ల గురించిన భయం నా సొంత అభిప్రాయం కాదు, జబ్బు వేసుకున్న ఇంకో చొక్కా. ఓసీడీ ఉండి మందుకు వెనకాడుతున్న ప్రతివాళ్లూ ఈ ఒక్క సంగతి చూసుకోవాలని నా కోరిక. మందు గురించి ప్రశ్నలు ఉండాల్సిందే. కానీ ప్రశ్నకు జవాబు దొరికితే అది ముగుస్తుంది. తంతుకు జవాబు దొరికితే అది మళ్లీ మొదలవుతుంది. మీరు ఒకే సంగతి ఇద్దరిని అడిగి, మూడోవాళ్ల నంబరు వెతుకుతున్నారంటే అది ప్రశ్న కాదు.

కాబట్టి ఇట్టా చేయండి. ఒక తెల్లకాగితం మీద మీ ప్రశ్నలన్నీ రాయండి, ఒక్క పేజీ దాటకూడదు. డాక్టరు దగ్గర ఒకేసారి అడిగి, జవాబులు ఆ కాగితం మీదే మీ చేత్తో రాసుకోండి. మళ్లీ అనుమానం వస్తే ఎవరినీ అడగొద్దు, వెతకొద్దు. కాగితం కూడా తీసి చూడొద్దు, అది బీరువాలో ఉంది, అంతే. ఒంట్లో కొత్తగా ఏదైనా మార్పు వస్తే అది వేరే సంగతి, అప్పుడు డాక్టరుకు ఫోన్ చేయాల్సిందే.

నా కాగితం మీదున్న జవాబులు ఇవి. ఓసీడీకి ఎక్కువగా ముందు ఇచ్చేవి ఎస్ఎస్ఆర్ఐ జాతి మందులు: ఫ్లూక్సెటిన్, ఫ్లూవాక్సమిన్, సెర్ట్రాలిన్ లాంటివి. వీటికి నిద్రమాత్రల్లాగా మనిషి బానిస కాడు. ఆ ప్రమాదం ఉన్నవి అల్‌ప్రజోలమ్, క్లోనజెపామ్ లాంటివి. వాటిని డాక్టరు కొద్దిరోజులకని రాస్తే కొద్దిరోజులే వాడాలి, షాపులో అడిగి కొనుక్కుంటూ పోకూడదు. క్లోమిప్రమిన్ అనే పాత మందు ఉంది, 1989లో అమెరికాలో ఓసీడీకని అనుమతి పొందిన మొదటి మందు అదే. బాగా పనిచేస్తుంది కానీ గుండె సంగతి చూసుకోవాలి, ఈసీజీ తీయిస్తారు. దిగులు జబ్బుకు ఇచ్చే మోతాదు కన్నా ఓసీడీకి ఎక్కువ మోతాదు కావాల్సి వస్తుంది. కాబట్టి సెర్ట్రాలిన్ 50 మిల్లీగ్రాముల నుంచి 100కు, 150కు పెంచితే మీ జబ్బు ముదిరిందని బెదిరిపోవద్దు. ఆ మందుకు 200 దాకా వెళ్తారు. ఇక గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. తగిన మోతాదులో ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడాకే ఇది పనిచేసిందో లేదో తేల్చాలి. మొదటి మందుతో దాదాపు సగం మందికి చెప్పుకోదగ్గ తేడా ఉంటుంది. మిగతావాళ్లకు ఇంకో మందు చూస్తారు.

ఇబ్బందులూ దాచలేదు డాక్టరుగారు. కడుపులో వికారం, విరేచనాలు, తలనొప్పి, నిద్ర తేడా, చెమట, మొదటి రోజుల్లో ఒకరకమైన కంగారు. చాలావరకు రెండు మూడు వారాల్లో సద్దుమణుగుతాయి. కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం మాత్రం కొందరికి మందు వాడినన్నాళ్లూ ఉండొచ్చు. మొహమాటపడకుండా చెబితే మోతాదో మందో మారుస్తారు. నాకూ కొంత ఉంది, చెప్పాను, సర్దారు. ఇరవై అయిదేళ్ల లోపు వాళ్లకు మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది, ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. ఏ వయసువాళ్లకైనా ఆ ఆలోచన వచ్చినా, నిద్రే అక్కర్లేనంత హుషారు వచ్చినా, ఒళ్లు వణికి జ్వరం వచ్చి కండరాలు బిగుసుకున్నా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. వేరే మందులు వాడుతుంటే అన్నీ చెప్పాలి, ముఖ్యంగా ట్రమడాల్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, రక్తం పలచబడే మందులు. ఆడవాళ్లు కడుపుతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా, పిల్లల కోసం చూస్తున్నా ముందే చెప్పాలి. అప్పటికే వాడుతుంటే భయపడి సొంతంగా ఆపేయకూడదు.

పథ్యమేమైనా ఉందా అని మా అమ్మ అడిగింది. లేదన్నారు. ఆవకాయ కూడా తినొచ్చు. మద్యం తాగడం మాత్రం మానేయమన్నారు.

మొదటి బిళ్ల

బిళ్ల దగ్గరికి కూడా ఒక్కో మెట్టు ఎక్కినట్టు కొంచెం కొంచెంగా వెళ్లాను. మొదటి రోజు షీటు బీరువాలోంచి తీసి భోజనాల బల్ల మీద పెట్టాం, అక్కడే ఉంది, అంతే. రెండో రోజు అరచేతిలో పట్టుకుని పది నిమిషాలు కూర్చున్నాను. అరచేయి చెమటకు బిళ్ల అంచు మెత్తబడింది, దాన్ని పారేశాం. మూడో రోజు, ఆదివారం, రెండు ఇడ్లీలు తిన్నాక మా ఆవిడ మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. మింగాను. ఆ రోజంతా ఫోన్ ఆమె దగ్గరే ఉంచుకుంది, నేను వెతకకుండా.

మొదటి పది రోజులు వికారం, రెండు పూటలా విరేచనాలు. పెరుగన్నంతో నెట్టుకొచ్చాను. పన్నెండో రోజు కంగారు ఎక్కువై మానేద్దామనుకున్నాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఇది ముందే అనుకున్నదే, ఇంకో వారం చూద్దాం అన్నారు. ఆ వారం దాటాక కుదురుకుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒంట్లో ఏం జరుగుతోందో నిమిషనిమిషానికీ తడుముకోవడం కూడా తంతే అవుతుంది. నేను రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారి నోటుబుక్కులో రెండు లైన్లు రాసేవాణ్ని, మిగతా రోజంతా ఆ సంగతి ముట్టకూడదని ఒప్పందం. రెండోది, తనిఖీ జబ్బున్న మనిషికి బిళ్ల వేసుకున్నానో లేదో అన్న అనుమానం రాక మానదు. మందుల షాపుల్లో వారానికి ఏడు గళ్లున్న ప్లాస్టిక్ డబ్బా అమ్ముతారు. ఆదివారం రాత్రి నింపండి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు. ఒక్కసారి చూడండి, మూసేయండి. అయినా అనుమానం పీకితే రెండో బిళ్ల మాత్రం వేసుకోవద్దు. ఒక్కరోజు తప్పినా కొంప మునగదు, మర్నాడు మామూలు వేళకు మామూలు బిళ్లే.

నాకు 50తో మొదలై, నెల తర్వాత 100, తర్వాత 150 అయింది. తొమ్మిదో వారంలో ఒకరోజు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటుండగా గుర్తొచ్చింది, బ్రిడ్జి దాటి వచ్చానని. దాటిన సంగతే ఆ రోజు నా మనసులో లేదు. అనుమానం అసలు రాలేదని కాదు, వచ్చినా పట్టుకుని వేలాడలేదు. మందు చేసేది అదే. గొంతు నొక్కుతున్న చెయ్యి కాస్త వదులవుతుంది. లేచి నడవాల్సింది మనమే. పన్నెండు వారాలకు నా అంకె 27 నుంచి 17కు దిగింది.

ఏమో అననివ్వడం నేర్చుకోవడం

మేలో యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు విజయవాడలో ఒక క్లినికల్ సైకాలజిస్టు మేడమ్ దొరికారు. వారానికొకసారి గుంటూరు నుంచి బస్సులో వెళ్లొచ్చేవాణ్ని. ఆవిడ చేయించిన మొదటి పని, నన్ను భయపెట్టేవన్నీ రాసి ఒక్కోదానికి వందకు ఎంత భయమో వేయించడం. బీరువా తాళం ఒకేసారి వేసి వదిలేయడం, 25. గ్యాస్ నాబ్ ముట్టకుండా ఒక్కసారి చూసి వంటింట్లోంచి వచ్చేయడం, 40. షాపు షట్టరు తాళం, 60. కాటా చీటీ ఒక్కసారే కూడి సంతకం పెట్టడం, 70. రాత్రి బ్రిడ్జి దాటి వెనక్కి తిరక్కపోవడం, 85. మర్నాడు పేపర్లో గుంటూరు పేజీ చదవకపోవడం, 95. పేపరు చదవకపోవడం బ్రిడ్జి కన్నా కష్టమని రాశాకే నాకు తెలిసింది. మీ పట్టీలో అంకెలు ఎవరి కోసమూ సర్దొద్దు. కింది మెట్టుతో మొదలుపెట్టి, రోజూ చేయండి. వారానికొకసారి చేస్తే ప్రయోజనం లేదు.

షట్టరు రోజు చెబుతాను. యార్డు మళ్లీ తెరిచాక జూన్ చివర్లో. తాళం వేశాను. ఒక్కసారి గుంజాను. తాళంచెవి జేబులో వేసుకున్నాను. ఫోటో తీసుకోలేదు, ఎందుకంటే ఫోటో తీసుకోవడం తనిఖీకి దొంగదారి అని మేడమ్ ముందే చెప్పారు. లోపల్లోపల "వేశాను వేశాను" అనుకోవడం, దేవుడి పేరు లెక్కపెట్టుకోవడం, ఇవన్నీ కూడా ఆ దారులే. చుట్టుగుంట దాకా వచ్చి టీ కొట్టు దగ్గర ఆగాను. గుండె దడదడలాడుతోంది, 80 అనుకున్నా. లోపలి మాట: వేయలేదేమో, రాత్రికి సరుకు పోతుందేమో, షావుకారు నన్ను నమ్మడేమో. దీనికి నేను "వేశాను" అని జవాబు చెప్పకూడదు. చెబితే వాదం మొదలవుతుంది. మేడమ్ నేర్పిన జవాబు ఇది: "వేయలేదేమో. కావచ్చు. ఏమో." అంతే. జబ్బు ఏ మాటతో నన్ను తరుముతుందో ఆ మాటే దాని చేతికి తిరిగివ్వడం. మొదటిసారి ఆ "ఏమో" అంటుంటే నోరు ఎండిపోయింది. టీ చల్లారిపోయింది. ఇంకో టీ చెప్పాను. నలభై నిమిషాలకు 80 కాస్తా 45 అయింది. అన్ని రోజులూ అట్టా దిగదు. దిగకపోయినా ఓడిపోయినట్టు కాదు, భయం ఉండగానే ఇంటికి వెళ్లి అన్నం తినగలిగితే చాలు అన్నారు మేడమ్. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. పొద్దున వెళ్తే తాళం ఉంది. ఆ "ఉంది"ని కూడా రుజువుగా దాచుకోవద్దన్నారు, మళ్లీ రుజువులకు అలవాటు పడతామని.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. మీ మనిషి పదోసారి "గ్యాస్ కట్టేశానా?" అని అడిగితే "కట్టేశావు" అనడం ప్రేమే, కానీ అది జబ్బుకు అన్నం పెట్టడం. అట్టా అని ఒక్కసారిగా నోరు మూసుకుంటే మనిషి అల్లాడిపోతాడు. ముందే కూర్చుని ఇద్దరూ ఒప్పుకోండి. మా ఇంట్లో మా ఆవిడ అనే మాట ఇది: "ఇది మీరు అడగట్లేదండీ, జబ్బు అడుగుతోంది. దానికి జవాబు చెప్పను. మీ పక్కనే కూర్చుంటా." చెప్పినట్టే కూర్చునేది. ఆ కూర్చోవడం నాకు ఎన్ని జవాబులతో సమానమో చెప్పలేను.

నా లోతైన భయం సంగతి కూడా చెప్పాలి. చీటీ ఒక్కసారే చూడడం మొదలుపెట్టిన సీజనులో నా లెక్కల్లో రెండు తప్పులు దొరికాయి. ఏడెనిమిది సార్లు చూసిన సీజన్లలోనూ ఒకటో రెండో దొరికేవి. ఇంకా మంచి గుమస్తానే, సాయంత్రం ఆరున్నరకు ఇంటికి వెళ్లే గుమస్తాని.

ఆపడం గురించి

తగ్గిందనిపించగానే చాలామంది బిళ్ల మానేస్తారు. అక్కడే తిరగబడుతుంది. తగ్గాక కూడా కనీసం ఒకటి రెండేళ్లు వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పిన లెక్కన నెలల తరబడి కొంచెం కొంచెంగా దించాలి. ఉన్నపళంగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం వస్తాయి. నేను ఒకసారి ఊరెళ్తూ డబ్బా మర్చిపోయి నాలుగు రోజులు ఉన్నాను, అది అనుభవించాను. ఊరెళ్లేటప్పుడు ఒక షీటు సంచిలో వేరేగా పెట్టుకోండి. ఖర్చు బరువనిపిస్తే జన ఔషధి కేంద్రంలో అదే మందు పేరు చెప్పి అడగండి, చాలా తక్కువకు వస్తుంది. నేను ఇప్పుడు 150 నుంచి 100కు దిగాను. కిందటిసారి అంకె 10. సీజను ఒత్తిడిలో ఇప్పటికీ ఒకటీ రెండు రాత్రులు దారిలో చెయ్యి హ్యాండిల్ మీద బిగుసుకుంటుంది. అప్పుడు "ఏమో" అనుకుంటూ ముందుకే పోనిస్తాను.

రేపు మొదటిసారి ఓపీకి వెళ్లేవాళ్లు మూడు పట్టుకెళ్లండి: మీ ప్రశ్నల కాగితం, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ, ఇంట్లో మీతో ఉండే మనిషి ఒకరు. లోపల ఏం చెప్పాలో తోచకపోతే ఈ వాక్యం రాసుకుని చదివేయండి: "నాకు వద్దన్నా ఒకే అనుమానం పదేపదే వస్తోంది, అది పోవడానికి ఒకే పని పదేపదే చేస్తున్నాను, రోజుకు ఇన్ని గంటలు పోతున్నాయి." గంటలు తగ్గించి చెప్పొద్దు.